ఒక్కసారీ చావకుండా ఎక్కిన కొండ

ఉద్యోగంలో చేరిన మొదటి ఎనిమిది నెలలూ నేను గోడలను గుద్దుకున్నాను. జీతం ఇచ్చింది అందుకే. పంజాగుట్టలో ఒక బట్టల దుకాణం పైన, మూడో అంతస్తులో మా ఆఫీసు ఉండేది. విదేశీ కంపెనీలు తాము తయారుచేసే కంప్యూటర్ ఆటలను అమ్మకానికి పెట్టే ముందు మా దగ్గరికి పంపేవి. వాటిలో తప్పులు పట్టడం మా పని. నాకు అప్పగించిన ఆట ఒక పెద్ద మాయాలోకం. అందులో అడవులు, కోటలు, భూతాలు, కత్తి పట్టిన ఒక వీరుడు. ఆడేవాళ్ళు ఆ వీరుణ్ణి ఎటు కావాలంటే అటు నడిపించుకోవచ్చు, ఫలానా దారినే పోవాలన్న నియమం లేదు. నేను మాత్రం అతన్ని ఎప్పుడూ గోడ దగ్గరికే నడిపించేదాన్ని. గోడకు తగిలి ఆగిపోతే ‘పాస్’. గోడలోంచి దూరి అవతలికి పోతే ‘ఫెయిల్’. ఎక్సెల్ షీటులో ఒక వరుస నింపి పక్క గోడకు పోవాలి. రోజుకు ఎనభై గోడలు.

ఆ కుర్చీ దాకా ఎలా వచ్చానో చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మాది తెనాలి వైపు. డిగ్రీ అయ్యాక ఏం చదవాలో మా పెద్దమ్మ కొడుకు చెప్పాడు, ఏ హాస్టల్లో ఉండాలో వాడి స్నేహితుడి చెల్లెలు చెప్పింది. అలా అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో టెస్టింగ్ కోర్సులో చేరాను. నలభై అయిదు రోజులు. బ్యాచ్‌కు రెండు వందల మంది. వెనక బెంచీల వాళ్ళకు సార్ కనపడడు, మైకులో గొంతు వినపడుతుంది, అంతే. కోర్సు అయ్యాక కింద జిరాక్స్ షాపులో అందరికీ రెజ్యూమెలు దొరికేవి. పేరు మార్చుకుంటే సరిపోయేది. రెండేళ్ళ అనుభవం, మూడు ప్రాజెక్టులు, ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలు, వాటి జవాబులు, అన్నీ కట్టగా కుట్టి ఇచ్చేవాళ్ళు. నేనూ తీసుకున్నాను. అప్పుడు సిగ్గుపడ్డానని ఇప్పుడు రాస్తే అబద్ధమవుతుంది. మెట్ల మీద నా ముందు పాతికమంది, వెనక పాతికమంది అదే కట్ట పట్టుకుని దిగుతుంటే సిగ్గు ఎక్కడినుంచి వస్తుంది? ఇంటర్వ్యూలో మీకు బాగా నచ్చిన ఆట ఏదని అడిగితే జిరాక్స్ కాగితంలో ఉన్న పేరే చెప్పాను. అప్పటికి నేను ఆడింది సెల్‌ఫోన్‌లో పాము ఆట ఒక్కటే.

ఆఫీసులో నా పక్క కుర్చీ పిల్లది కాకినాడ. నాతోపాటే ఆ ఇన్‌స్టిట్యూట్, ఆ జిరాక్స్ షాపు, అమీర్‌పేటలో ఒకే హాస్టల్లో ఒకే గది. పొద్దున్నే ఇద్దరం కలిసి నడిచి వచ్చేవాళ్ళం. షేర్ ఆటో ఎక్కినా ఆ ట్రాఫిక్‌లో నడకకంటే ముందు చేరేది కాదు. పంజాగుట్ట చౌరస్తాలో ఫ్లైఓవర్ పనులు జరుగుతున్న రోజులవి. ఆఫీసు చేరేసరికి చున్నీ తెల్లదైనా నల్లదైనా ఒకే రంగులో ఉండేది. కాకినాడ పిల్లకు ఇవేవీ పట్టవు. రోజుకు ఎనభై గోడలంటే ఎనభై అయిదు ముగించి, గోళ్ళు కత్తిరించుకుంటూ కూర్చునేది. నాకు నలభయ్యో గోడ దగ్గరే ఒళ్ళు మండటం మొదలయ్యేది.

మా టీమ్ లీడ్‌ది కరీంనగర్. అందరూ ఆయన్ని అన్నా అనేవాళ్ళు. నాకు నోరు తిరగక సార్ అనేదాన్ని. “సార్ గీర్ వద్దమ్మా, గిదేమన్న కలెక్టరాఫీసా?” అనేవాడు. మంచివాడే. జ్వరమొస్తే తనే టాబ్లెట్ తెచ్చి ఇచ్చేవాడు. కానీ ఎక్సెల్ షీటులో ఒక్క గడి ఖాళీగా కనపడితే తట్టుకోలేడు. మెడలో ఐడీ కార్డుతో పాటు ఒక పెన్ డ్రైవ్ వేలాడుతుండేది. ఆ పెన్ డ్రైవ్‌లోనే మా ఆఫీసు ప్రాణం ఉందని చెప్పాలి.

మనం ఆటను ఎక్కడిదాకా ఆడామో కంప్యూటర్ ఒక ఫైల్‌లో దాచుకుంటుంది. దాన్ని సేవ్ ఫైల్ అంటారు. మళ్ళీ తెరిస్తే అక్కడినుంచే మొదలవుతుంది. ఆ పెన్ డ్రైవ్‌లో ఉన్నది అలాంటి సేవ్ ఫైల్. మాకంటే ముందు పనిచేసి మానేసిన ఎవరో తయారుచేశారట. అందులో వీరుడికి లేని శక్తి లేదు. ఏ దెబ్బా తగలని కవచం, ఒక్క వేటుకు భూతాన్ని కూల్చే కత్తి. పటంలో ఏ చోటుకైనా క్షణంలో ఎగిరిపోయే వీలు. వీరుడికి పేరు పెట్టాల్సిన చోట నాలుగు ఎక్స్‌లు కొట్టి ఉండేవి. ఎవరు కొత్తగా చేరినా అన్న వచ్చి పెన్ డ్రైవ్ గుచ్చి, ఆ ఫైల్ ఎక్కించి, “ఇగ ఫికర్ లేదు, మొదటి నుంచి ఆడే పనే లేదు” అనేవాడు. గోడలు గుద్దుకోవడానికి అది మహా సుఖంగా ఉండేది. మధ్యలో తోడేలు వచ్చి కరిస్తే లెక్క తప్పుతుంది కదా.

ఇలా ఎనిమిది నెలలు గడిచాక ఎక్స్‌పాన్షన్ ప్యాక్ వచ్చింది. ఆట బాగా అమ్ముడుపోతే దానికి కొత్త ప్రాంతాలు, కొత్త కథలు జోడించి విడిగా అమ్ముతారు. ఆ జోడింపునే అలా అంటారు. ఈసారి జోడించింది ఒక మంచుకొండ. దాని పైదాకా వెళ్ళి రావడమే కథ. క్లయింట్ పంపిన మెయిల్లో మామూలుగా అడిగే తప్పుల జాబితాతో పాటు కొత్తగా ఒక కోరిక ఉంది. మీలో ఒకరు ఈ భాగం ఎలా ఉందో నిర్మొహమాటంగా రాయండి, ఎక్కడ విసుగొచ్చింది, ఎక్కడ ఆగిపోవాలనిపించింది, కొనమని స్నేహితులకు చెబుతారా లేదా అని. ఆ అభిప్రాయం పనికొస్తే ఆ మనిషిని ఇకపై గోడలనుంచి తప్పించి, కొత్త భాగాలు చూసి చెప్పే పనిలోనే పెట్టమంటామని కింద ఒక వాక్యం.

ఆ వాక్యం నేను ఎన్నిసార్లు చదివానో! గోడల నుంచి బయటపడటం ఒకటే కాదు. ఇరవై రెండేళ్ళొచ్చాయి, అప్పటిదాకా ఒక్కరు కూడా నన్ను ‘నువ్వేమనుకుంటున్నావు’ అని అడగలేదు. ఇంట్లో అడగలేదు. కాలేజీలో గైడ్ బట్టీపట్టమన్నారు. ఇన్‌స్టిట్యూట్‌లో అయితే సార్ మొదటి రోజే మైకులో చెప్పాడు, టెస్టర్‌కు అభిప్రాయం ఉండకూడదని. ఏం జరగాలి, ఏం జరిగింది, ఈ రెండే గడులు. ఇప్పుడు ముక్కూ మొహం తెలియని వాళ్ళెవరో సముద్రాల అవతలినుంచి నీకెలా అనిపించింది అని అడుగుతున్నారు. నేను రాస్తానని అందరికంటే ముందు లేచాను.

“ఒపీనియన్ అంటే రిస్కమ్మా,” అన్నాడు అన్న. “బాగుందని నాలుగు లైన్లు కొట్టు, పంపిద్దాం.”

“బాగుంటే బాగుందనే రాస్తాను సార్.”

ఆయన తల గోక్కుని వెళ్ళిపోయాడు.

మూడు రోజులు చూశాను ఆ కొండను. నాలుగు ఎక్స్‌ల వీరుణ్ణి ఎక్కించుకుని, పటం తెరిచి, కొండ మీద ఎక్కడ నొక్కితే అక్కడ దిగాను. దారిలో ఏడు గుడిసెలున్నాయి. ఒక్కో గుడిసెలో ఒక్కో మనిషి. ఎవరిని పలకరించినా ఒకటే మాట, ‘పోయేటప్పుడు తలుపు వేసి పో’. అంతే. మంచులో మూడు చోట్ల భూతాలు ఎదురయ్యాయి. మూడూ ఒక్క వేటుకు చచ్చాయి. కొండ కొసన ఒక చెక్క బల్ల ఉంది. దాని మీద కూర్చుంటే కింద తెల్లటి మంచు, ఆ మంచులో చుక్కల్లా గుడిసెలు. అంతే. ఎంతసేపు చూసినా ఏమీ జరగలేదు. నాకు నిజంగా కోపం వచ్చింది. ఇంత పెద్ద కంపెనీ, ఇన్ని నెలలు కూర్చుని చేసింది ఇదా అనిపించింది. ఆ లోకంలో గోడలన్నీ ఎనిమిది నెలలుగా తడిమినదాన్ని, నాకంటే ఎవరికి తెలుసు అనుకున్నాను.

అయిదు పేజీలు రాశాను. ఇంగ్లీషులో, డిక్షనరీ పక్కన పెట్టుకుని. కొండ ఖాళీగా ఉంది. మనుషులు మూగవాళ్ళలా ఉన్నారు. యుద్ధాలు పిల్లల ఆటలా ఉన్నాయి. కొసన చూడటానికి ఏమీ లేదు. కొనమని ఎవరికీ చెప్పను. చివరి వాక్యం రాసి, దాన్ని నాలుగుసార్లు చదువుకున్నాను. తప్పులు వెతకడానికి కాదు, గర్వంతో.

అన్న అది చదివి తన కుర్చీలో కూలబడ్డాడు. “గిట్ల రాస్తే కాంట్రాక్టు ఉంటదా? సరే, బోర్ కొట్టిందని రాసినవ్. బోర్ కొట్టుడు ఎట్ల రీప్రొడ్యూస్ చేస్తవ్? స్టెప్స్ ఏవి?”

ఆయన వేళాకోళానికి అనలేదు. మా షీటులో ప్రతి తప్పుకూ అది మళ్ళీ ఎలా జరిపించాలో మెట్లు మెట్లుగా రాయాలి. నా అయిదు పేజీలనూ ఆ షీటులో పెట్టాలని ఆయన పట్టు. చివరికి ఆ పూటంతా కూర్చుని రాసిచ్చాను. మొదటి మెట్టు, కొండ కొసకు వెళ్ళు. రెండు, బల్ల మీద కూర్చో. ఏం జరగాలి అన్న గడిలో ‘ఆడేవారికి సంతోషం కలగాలి’ అని రాశాను. ఏం జరిగింది అన్న గడిలో ‘కలగలేదు’. ఫలితం, ఫెయిల్. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ రోజు పళ్ళు నూరుకుంటూ రాశాను. ఆయన దాన్ని పాస్ అని మార్చాడు. నేను మళ్ళీ ఫెయిల్ అని మార్చాను. సాయంత్రం దాకా ఆ ఒక్క గడి మా ఇద్దరి మధ్య అటూ ఇటూ తిరిగింది. ఆఖరికి గడువు ముంచుకొచ్చి, “నీ ఇష్టమమ్మా, నాకేం తెల్వదు” అని అలాగే పంపేశాడు.

సోమవారం క్లయింట్ ఫోన్ చేశాడు. మీటింగ్ గదిలో బల్ల మీద స్పీకర్ ఫోను, చుట్టూ మేము ఆరుగురం. కొండను తయారుచేసిన బృందానికి పెద్ద ఆయనే మాట్లాడుతున్నాడు. గొంతు మెత్తగా ఉంది. మీ నివేదిక చదివాను, ఇంత సూటిగా ఎవరూ రాయలేదు, కృతజ్ఞతలు అన్నాడు. నేను కాకినాడ పిల్ల చేతిని బల్ల కింద గిల్లాను. కొన్ని ప్రశ్నలున్నాయి అన్నాడాయన. మీ బృందంలో ఒక్కొక్కరు కొండ ఎక్కేలోపు సుమారు ఎన్నిసార్లు చనిపోయారు?

అన్న మా వైపు చూశాడు. ఆయన మొహం వెలిగిపోయింది. పరీక్షలో తనకు వచ్చిన ప్రశ్నే పడిన పిల్లాడిలా ముందుకు వంగి, ఇంగ్లీషులో, ఒక్కో మాట విడదీసి చెప్పాడు. “జీరో సార్. ఒక్కసారి సుత లేదు. మా టీమ్ చాలా ఎక్స్‌పీరియన్స్‌డ్ సార్.” మధ్యలో ఆ సుత మాత్రం తెలుగులోనే పడింది.

లైను పోయిందేమోనని అన్న వైరు కదిపి చూశాడు. తర్వాత ఆ మెత్తటి గొంతే, ఈసారి ఇంకా నెమ్మదిగా అడిగింది. సరే, చలిని ఎలా తట్టుకున్నారు?

ఏ చలి? మేము ఆరుగురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఆ లోకంలో చలి ఉందని నాకు తెలియదు. మూడు రోజులు మంచుకొండ మీద తిరిగాను, ఒక్కసారి కూడా చలి వేయలేదు. ఏ దెబ్బా తగలని ఆ కవచానికి చలి కూడా తగలదని అప్పుడు తట్టింది. నాలుగు ఎక్స్‌ల వీరుడికి చావు లేదు, అలసట లేదు, ఆకలి లేదు. కొండ ఎక్కలేదు మేము. ఎవరో ఎక్కించి పెట్టిన మనిషి మీద కూర్చుని కొసన దిగి, ఏమీ లేదని అయిదు పేజీలు రాశాం. మేము అని రాస్తున్నాను, రాసింది నేను.

అన్న గొంతు సవరించుకుని, ‘వీ మేనేజ్డ్’ అనబోతున్నాడు. ఆ మాట నేను పూర్తి కానివ్వలేదు. ఫోన్ వైపు వంగి చెప్పేశాను. సార్, మేము నడవలేదు, అన్నీ ఉన్న సేవ్ ఫైల్‌తో పైకి ఎగిరాము, మీ కొండను మేము చూడలేదు. వచ్చీరాని ఇంగ్లీషులో ఇంతే చెప్పగలిగాను.

ఆయన కోప్పడలేదు. తిట్టినా బాగుండేదేమో. అయితే శుక్రవారం దాకా సమయం ఉంది, నడిచి చూసి చెప్పండి అని ఫోన్ పెట్టేశాడు.

గదిలోంచి బయటికి రాగానే అన్న నా మీద పడ్డాడు. “నీకేమన్న పిచ్చా? ఎర్రగడ్డ దవాఖాన్ల చేర్పియ్యాలె నిన్ను. అందరు జేసే పనే గదా మనం జేసింది? గది ఫోన్ల చెప్తరా ఎవరన్న?”

“చెప్పకపోతే ఏం చెబుదామనుకున్నారు సార్? చలికి స్వెట్టర్ వేసుకున్నామనా?”

“జర నోరు మూస్కో,” అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరగడం చూసి నేను నిజంగానే నోరు మూసుకున్నాను. కాంట్రాక్టు పోతే ఆరు కుర్చీలు పోతాయి. అందులో ఆయన కుర్చీ కూడా ఉంది.

మంగళవారం పొద్దున కొత్త ఆట మొదలుపెట్టాను. వీరుడికి పేరు పెట్టమంటే, నాలుగు ఎక్స్‌లు కొట్టబోయి, ఆగి, నా పేరే పెట్టాను. చేతిలో ఒక మొద్దుబారిన కత్తి, ఒంటి మీద గోనెసంచిలాంటి చొక్కా. కొండ మొదటి వాలు దాటకముందే తెర అంచుల నుంచి మంచు పేరుకుంటూ వచ్చి, కాళ్ళు తడబడి, చచ్చిపోయాను. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ చచ్చాను. మధ్యాహ్నం అన్నానికి లేచేసరికి పదకొండు సార్లు. ఒకసారి తోడేలు. ఒకసారి లోయ. మిగతా తొమ్మిదీ చలే. ఎనిమిది నెలల్లో ఆ లోకంలో నాకు చీమ కుట్టలేదు, ఇప్పుడు అడుగడుగునా చావే. కీబోర్డు మీద గుద్దితే కాకినాడ పిల్ల పక్కనుంచి, “మెల్లిగా కొట్టవే, విరిగితే మనమే కట్టాలి” అంది. ఆ రోజంతా నాకు ఎవరిని చూసినా ఒళ్ళు మండింది. ఆట తయారుచేసిన వాళ్ళ మీద, అన్న మీద, ఆ నాలుగు ఎక్స్‌లు కొట్టి మానేసి పోయిన మహానుభావుడి మీద. అందరికంటే ఎక్కువ నా మీద. అయిదు పేజీల్లో ప్రతి వాక్యం గుర్తొచ్చి నెత్తి కొట్టుకున్నాను.

సాయంత్రం మొదటి గుడిసెకు చేరాను. ఎలా చేరానో నాకే తెలియదు, తెర మూడొంతులు మంచుతో మూసుకుపోయింది. తలుపు తోసుకుని లోపల పడ్డాను. ముసలావిడ ఉంది. ‘పోయేటప్పుడు తలుపు వేసి పో’ అంటుందని ఎదురుచూశాను. ఆవిడ అలా అనలేదు. ‘చెప్పులు విప్పి మంట దగ్గర కూర్చో, ముందు వేళ్ళు కదులుతున్నాయో లేదో చూసుకో’ అంది. పొయ్యి రాజేసింది. పాలు కాచి ఇచ్చింది. నాకు మీటలు సరిగా తెలియక గిన్నె ఒలకబోశాను. ఆవిడ విసుక్కుని, తన మేక ఒకటి పై వాలులో తప్పిపోయిందని, కనిపిస్తే కిందికి తోలమని చెప్పింది. గడ్డకట్టుకుపోతూ వచ్చిన వాళ్ళతోనే వాళ్ళు మాట్లాడతారు. ఒంట్లో వెచ్చగా ఉన్నవాడు వస్తే, దారిన పోయేవాడే అనుకుని తలుపు వేసుకుపొమ్మంటారు.

మర్నాడు రెండో గుడిసెకు చేరితే అక్కడున్న ముసలాయన నన్ను ఎగాదిగా చూసి, ‘కింద పాలు ఒలకబోసింది నువ్వేనా’ అన్నాడు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నాకంటే ముందు నా కబురు కొండ ఎక్కింది. మూడో గుడిసెలో నా మేక సంగతి, నాలుగో గుడిసెలో నేను వాలులో జారిపడ్డ సంగతి. ఎవరో ఎంతో ఓపికగా, ఒక్కో మనిషి నోట్లో ఒక్కో మాట పెట్టుకుంటూ వచ్చారు. దానికి నేను ‘మనుషులు మూగవాళ్ళు’ అని రాసి ఫెయిల్ కొట్టాను.

అంతా బాగుందని కూడా కాదు. అయిదో గుడిసె దగ్గరికి వచ్చేసరికి ఆట తయారుచేసిన వాళ్ళకే ఓపిక అయిపోయినట్టుంది. ఒకే మూలికను మూడుసార్లు కిందికి పోయి తెమ్మన్నారు. కథను సాగదీయడానికి తప్ప అలా తిప్పడానికి వేరే కారణం లేదు. భూతాలు కూడా, చేతిలో మొద్దు కత్తి ఉన్నా, ఒకే రకంగా వచ్చి ఒకే రకంగా చచ్చాయి. నా మొదటి నివేదికలో కొన్ని మాటలు నిజమే. అదే ఇంకా పుండు మీద కారం చల్లినట్టుంది. నిజమైన మాటలను కూడా అబద్ధపు మాటల మధ్య పెట్టి పాడుచేశాను, ఇప్పుడు అవే మళ్ళీ చెబితే ఎవరు నమ్ముతారు?

శుక్రవారం మధ్యాహ్నం కొసకు చేరాను. నలభై మూడు చావులు. అదే చెక్క బల్ల. కూర్చున్నాను. కింద అదే తెల్లటి మంచు. కానీ ఆ మంచులో అయిదు చోట్ల సన్నగా పొగ లేస్తోంది. మొదట తెర మీద మరక అనుకుని వేలితో తుడిచాను. తర్వాత లెక్కపెట్టుకున్నాను. నేను ఆగి, కాళ్ళు కాచుకున్న గుడిసెలు అయిదు. నేను ఆగకుండా దాటి వచ్చిన మిగతా రెండింటి పొయ్యిలు ఇంకా వెలగలేదు. ఆఫీసులో కూర్చుని, మెడలో ఐడీ కార్డుతో, అందరి ముందూ ఏడ్చాను. అలసట కూడా ఉందేమో. కానీ ఏడ్చింది ఆ పొగ చూసే.

రెండో నివేదిక రెండు పేజీలే రాశాను. మొదటిది తప్పని, ఎందుకు తప్పో ముందు రాశాను. మూలికల కోసం తిప్పడం, భూతాల సంగతి తర్వాత రాశాను. పొగ సంగతి చివర రాశాను. అన్న చదివి, ఏమీ మార్చకుండా పంపాడు. సోమవారం జవాబొచ్చింది. మూలికల కోసం మూడుసార్లు కాకుండా ఒక్కసారే పోయేలా మారుస్తున్నామని, రాసిన మనిషిని ఇకపై ఈ పనిలోనే ఉంచమని. అన్న సంతోషం చూడాలి. అందరికీ బిర్యానీ తెప్పించాడు. “నేను ముందే చెప్పిన గదా, గీ పిల్ల మస్తు హుషారని,” అని ఆఫీసంతా తిరిగి చెప్పాడు. ఎప్పుడు చెప్పాడో నాకు తెలియదు. నేనూ నవ్వాను. గోడల పని నాకు తప్పింది, నా మాటకు విలువ వచ్చింది అనుకున్నాను.

వారం తర్వాత కొండకు మార్పులు చేసిన కొత్త భాగం వచ్చింది. దాంట్లో గోడలన్నీ మళ్ళీ చూడాలి. పొద్దున నేను వచ్చేసరికి అన్న పెన్ డ్రైవ్ పట్టుకుని ఒక్కో కంప్యూటర్ దగ్గరా ఆగుతున్నాడు. ఏం ఎక్కిస్తున్నారని అడిగాను.

“నీదే,” అన్నాడు గర్వంగా. “నీ సేవ్ ఫైల్. పాతదాంతోని పోతే క్లయింట్ మల్ల చలి సంగతి అడుగుతడు గదా. నీ దాంట్ల పైదాంక ఎక్కి ఉన్నది. ఇగ వీళ్ళెవ్వరు కష్టపడే పనే లేదు.”

“సార్, అది మళ్ళీ అదే అవుతుంది. వాళ్ళనూ కింది నుంచి నడవనివ్వండి.”

“నడుస్తె నాలుగు రోజులు పోతది. నువ్వు నడిచినవ్ గదా, చాలు.”

నేను ఏమన్నా ఆయన వినలేదు, వినే తీరిక కూడా లేదు. ఆరు తెరల మీదా నా పేరున్న మనిషి, గోనెసంచి చొక్కాతో, కొండ కొసన చెక్క బల్ల మీద కూర్చుని ఉంది. నేను నా కుర్చీలో కూర్చుని మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నాను.

కాసేపటికి కాకినాడ పిల్ల మోచేత్తో పొడిచింది.

“ఏమే, నువ్వు అంత రాశావు, ఇక్కడ ఏముందే? ఏమీ లేదుగా. పైగా కింద అయిదు చోట్ల పొగ వస్తోంది. మంటల్లేకుండా పొగేంటి? బగ్ అని షీటులో వేసేయనా?”

నాలుగు రోజులు నా పక్కనే కూర్చుంది. నా చావులు చూసింది, ఏడుపు చూసింది, హాస్టల్ గదిలో పాల గిన్నె కథ రెండుసార్లు విన్నది. దాని మీద కోపం రావాలి. రాలేదు. దాని కళ్ళకు నిజంగానే ఏమీ కనపడటం లేదు, మూడు వారాల కింద నాకు కనపడనట్టే.

“వేయకు. ఆ ఫైల్ మూసెయ్. కొత్త ఆట తెరిచి, కింది నుంచి ఎక్కు. నీకే తెలుస్తుంది,” అన్నాను.

“సాయంత్రం లోపు ఎనభై గోడలు ఇవ్వాలే నేను,” అంది, వీరుణ్ణి బల్ల మీదనుంచి లేపి, పక్కనున్న బండకేసి నడిపిస్తూ.